వచ్చే నీరు, పోయే నీరు

కృష్ణా డెల్టాలో చెరకు పండే నేల ఏది, పండని నేల ఏది, ఆ రెండింటి మధ్య గీత ఎక్కడ పడింది, ఎందుకు పడింది అన్నది ఈనాటి ప్రసంగ విషయం. ఇందుకోసం రెండు ఊళ్లను ఎదురెదురుగా పెట్టి చూడవలసి ఉంటుంది. ఒకటి గుడివాడ పక్కనున్న నందివాడ. రెండోది విజయవాడ నుంచి బందరు వెళ్లే దారిలో ఉన్న ఉయ్యూరు. రెండూ ఒకే నది నీరు తాగే ఊళ్లు, పొద్దున బయల్దేరి రెండూ చూసుకుని సాయంత్రానికి ఇల్లు చేరగలిగినంత దగ్గరి ఊళ్లు. అయినా ఉయ్యూరు పేరు చెబితే ఆ ప్రాంతంలో ఎవరికైనా చక్కెర మిల్లు గుర్తుకు వస్తుంది, నందివాడ పేరు చెబితే చేపల చెరువు గుర్తుకు వస్తుంది.

ఈ తేడాకు కారణం నీటి ఎద్దడి అనుకుంటే పొరపాటే. విజయవాడ దగ్గర కృష్ణకు అడ్డంగా కట్టిన ఆనకట్ట నుంచి బయల్దేరిన కాలువలు ఇటు ఉయ్యూరుకూ నీరిస్తాయి, అటు గుడివాడ, నందివాడ పొలాలకూ నీరిస్తాయి. నీరు రెండు చోట్లకూ వస్తుంది. తేడా అంతా ఆ నీరు తిరిగి పోవడంలో ఉంది. ఈ ఒక్క మాట శ్రోతలు గుర్తుంచుకుంటే చాలు, తక్కిన ప్రసంగమంతా దాని వెంటే నడుస్తుంది. చెరకు తోట ఎక్కడ ఉండాలో నిర్ణయించేది వచ్చే నీరు కాదు. పోయే నీరు.

ముందుగా నేల సంగతి. మహాబలేశ్వరం కొండల్లో పుట్టి సుమారు 1400 కిలోమీటర్లు ప్రవహించే కృష్ణ, విజయవాడ దగ్గర ఇంద్రకీలాద్రికీ సీతానగరం కొండకూ మధ్యనున్న సందులోంచి బయటపడ్డాక మరి ఏ కొండా అడ్డులేని మైదానంలోకి దిగుతుంది. అక్కడి నుంచి సముద్రం దాకా ఉన్న భూమి అంతా ఆ నదే మోసుకొచ్చి పోసిన ఒండ్రు. అయితే ఆ పోత అన్ని చోట్లా ఒకే తీరున జరగలేదు. వరద గట్టు దాటినప్పుడు వేగం తగ్గిన నీరు బరువైన ఇసుకనూ గరుకు మట్టినీ గట్టు పక్కనే వదిలేస్తుంది. సన్నని జిగట మట్టిని మాత్రం దూరం మోసుకుపోయి, నీరు నిలిచిన చోట నెమ్మదిగా దించుతుంది. వేల ఏళ్లు ఇలా జరిగేసరికి నది ఒడ్డు ఎత్తుగా, నదికి దూరమైన నేల లోతుగా తయారైంది. మామూలుగా నది పల్లంలో ఉంటుందనీ, దూరం పోయిన కొద్దీ నేల ఎత్తవుతుందనీ అనుకుంటారు. డెల్టాలో వ్యవహారం తలకిందులు. ఏరు దగ్గరైతే మెరక, ఏరు దూరమైతే పల్లం.

మెరక అంటే నీరు నిలవని ఎత్తు నేల, పల్లం అంటే నీరు వచ్చి చేరే లోతు నేల. ఈ రెండు మాటలూ డెల్టా రైతు నోట రోజూ ఆడేవే. బయటి మనిషికి ఆ మైదానమంతా పళ్లెంలా చదునుగా కనిపిస్తుంది; అక్కడి రైతుకు మాత్రం తన పొలానికీ పక్క పొలానికీ ఉన్న జానెడు తేడా కూడా తెలుసు, ఎందుకంటే భారీ వాన కురిసిన మర్నాడు ఎవరి చేలో నీరు ముందు దిగుతుందో, ఎవరి చేలోకి ఆ నీరు పోయి పడుతుందో చెప్పేది ఆ జానెడే.

ఉయ్యూరు, దాని పడమట నది ఒడ్డున ఉన్న తోట్లవల్లూరు, దిగువన పమిడిముక్కల, ఇంకా దిగువన చల్లపల్లి, ఇవన్నీ కృష్ణ ఎడమ ఒడ్డును ఆనుకుని సాగే మెరక పట్టీ మీది ఊళ్లు. నది మధ్యలో ఒండ్రు పేరుకుని ఏర్పడిన దిబ్బలను లంకలంటారు. తోట్లవల్లూరు వైపు లంకల్లో పసుపు, అరటి, కంద వంటి పంటలు చెరకుకు తోడుగా పండుతాయి. ఇవన్నీ వేరుకు గాలి ఆడాలని కోరే పంటలే, పాదాల దగ్గర నీరు నిలిస్తే ఓర్చనివే. పంటల పేర్లు వింటేనే నేల తీరు తెలిసిపోతుంది.

నందివాడ సంగతి దీనికి పూర్తిగా ఎదురు. అది కొల్లేటికి ఎగువన ఉన్న పల్లం. కొల్లేరు కృష్ణా గోదావరి డెల్టాల నడుమ రెండు నదులూ పూడ్చకుండా వదిలేసిన గుంట. తమ్మిలేరు, రామిలేరు, బుడమేరు వంటి ఏళ్లన్నీ అందులో పడి, ఉప్పుటేరు అనే ఒక్క దారిన సముద్రానికి పోవాలి. మైలవరం వైపు కొండల్లో పుట్టే బుడమేరు విజయవాడ పక్కగా వచ్చి, ఎనికేపాడు దగ్గర ఏలూరు కాలువ కింద కట్టిన సొరంగంలోంచి దూరి, కొల్లేటికి చేరబోయే ముందు నందివాడ పొలాల మీదుగా వెళుతుంది. పైన కాలువ, కింద ఏరు. ఆ సొరంగాన్ని అక్కడివారు యూటీ అనే పిలుస్తారు. అండర్ టన్నెల్ అన్న మాటకు పొడి అక్షరాలవి. కొండల్లో వాన పడితే బుడమేరు పొంగుతుంది, ఉప్పుటేరు నెమ్మదిగా లాగుతుంది, మధ్యలో ఉన్న నందివాడ ఆ రెండింటి లెక్క తేలేదాకా నీటిలో ఉంటుంది.

ఇక చెరకు స్వభావం. చెరకు నీటిని ప్రేమించే పంటే కాని, నీటిలో కాపురం చేసే పంట కాదు. వరి చేలో చెంబెడు నీరు నిలిస్తే రైతు నిశ్చింతగా నిద్రపోతాడు. చెరకు తోటలో నిలిస్తే నిద్ర పట్టదు. వరి మొక్క కాండంలో ఆకు నుంచి వేరుకు గాలిని దించే గొట్టాల వంటి ఖాళీలు ఉంటాయి, అందుకే దాని వేరు బురదలో ఊపిరాడి బతుకుతుంది. చెరకుకు ఆ ఏర్పాటు అంత బలంగా లేదు. నీరు నిలిచిన తోటలో గడ కణుపుల దగ్గర గాలి కోసం కొత్త వేళ్లు పుట్టుకొస్తాయి, గడ ఎదుగుదల ఆగుతుంది, పోగుచేసుకున్న తీపి తగ్గుతుంది, పైగా ఎర్రకుళ్లు తెగులు నీటితో పాటు మొక్క నుంచి మొక్కకు పాకుతుంది. ఆ తెగులు తగిలిన గడను నిలువునా చీలిస్తే లోపల ఎర్రని గుజ్జు, దాని మధ్య అడ్డంగా తెల్లని మచ్చలు కనిపిస్తాయి. ముక్కు దగ్గర పెడితే పులిసిన కల్లు వాసన వస్తుంది. రైతుకు పరీక్షశాల అక్కర్లేదు, ఆ వాసన చాలు.

ఇంకో మాట. వరి నాలుగైదు నెలల పంట, చెరకు ఏడాది పంట. అంటే వానకాలంలోని ప్రతి వాయుగుండాన్నీ చెరకు పొలంలో నిలబడే ఎదుర్కోవాలి. నీరు వచ్చినందువల్ల చెరకుకు నష్టం లేదు, పోకపోవడం వల్లే నష్టం.

ఈ భూమి చరిత్రను నీటి వైపు నుంచి చూస్తే అది రెండు దశలుగా కనిపిస్తుంది గానీ, మొదటి దశ గురించి తెలిసినది చాలా తక్కువ. చల్లపల్లికి దగ్గరలోని ఘంటసాలలోనూ, గుడివాడలోనూ బౌద్ధ స్తూపాలు బయటపడ్డాయి. 1894లో వెలువడిన పురావస్తు పరిశోధకుడు అలెగ్జాండర్ రీ గ్రంథంలో భట్టిప్రోలుతో పాటు ఈ రెండు చోట్ల సంగతీ ఉంది. నాగార్జునకొండ శాసనంలో కంటకసేలగా కనిపించే ఊరు ఘంటసాలే అని పండితులు గుర్తించారు. ఆ శాసనం వేయించిన కాలపు రాజులు ఇక్ష్వాకులు. ఇక్షువు అంటే సంస్కృతంలో చెరకు. ఇక్ష్వాకు అన్న పేరును చెరకుతో ముడిపెట్టే కథ జైన సంప్రదాయంలో ఉంది. అంతమాత్రాన ఆ రాజుల నాడే ఉయ్యూరు చుట్టూ చెరకు తోటలు ఉండేవని చెప్పడం ఊళ్ల మీది అభిమానమే అవుతుంది కాని చరిత్ర కాదు.

రెండో దశ ఆనకట్టతో మొదలవుతుంది. 1832, 33 సంవత్సరాల్లో కృష్ణకు రెండు వైపులా పడిన కరవు గుంటూరు సీమను, బందరు సీమను తుడిచిపెట్టింది. నది నిండుగా సముద్రంలో కలుస్తుంటే దాని ఒడ్డున జనం ఆకలికి చావడం ఇంజనీర్లను ఆలోచనలో పడవేసింది. గోదావరి మీద ఇంజనీరు కాటన్ కట్టిన ఆనకట్ట చూశాక, కృష్ణ మీద కూడా 1852లో పని మొదలై 1855లో పూర్తయింది. దగ్గరుండి కట్టించినవాడు కెప్టెన్ చార్లెస్ ఓర్. బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ, పుల్లేరు, ఇలా నీటి దారులు ఒక్కొక్కటీ డెల్టా అంతటా పరుచుకున్నాయి. దాదాపు వందేళ్లు నిలిచిన ఆ ఆనకట్ట 1952 వరదలో తెగింది. దాని స్థానంలో కట్టిన ప్రకాశం బ్యారేజీ 1957లో పూర్తయింది.

ఇక్కడ శ్రోతలు ఒక సంగతి గమనించాలి. ఆనకట్ట కట్టినవారు నీరు తెచ్చే కాలువల మీద పెట్టిన శ్రద్ధ, నీరు పోయే కాలువల మీద పెట్టలేదు. సాగునీటి కాలువ మెరక మీద నడుస్తుంది, ఎందుకంటే పైనుంచి కిందికి పారించాలి. మురుగు కాలువ పల్లంలో నడుస్తుంది, ఎందుకంటే కిందికి దిగిన నీటిని ఏరుకోవాలి. మొదటిది ప్రభుత్వానికి శిస్తు తెచ్చిపెట్టేది, రెండోది ఖర్చే తప్ప రాబడి లేనిది. అందుకే నూరేళ్ల పాటు మొదటిది పెరిగింది, రెండోది పూడింది. చివరకు 1968లో డెల్టా రైతుల మీద మురుగు సెస్సు వేసే చట్టం వచ్చింది. అప్పటిదాకా నీరు రావడానికి నీటి తీరువా కట్టిన రైతు, అదే నీరు పోవడానికి మరో పన్ను కట్టవలసి వచ్చింది. డెల్టా చరిత్రను ఒక్క రసీదులో చూపించమంటే ఆ సెస్సు రసీదు చూపించవచ్చు.

మెరక పట్టీలో చెరకు కొత్తగా వచ్చిన పంటేమీ కాదు. కాని మిల్లు రాకముందు అది బెల్లపు పంట. తోట పక్కనే గానుగ, గానుగ పక్కనే గాడిపొయ్యి, పొయ్యి మీద వెడల్పాటి ఇనప పెనం. ఎడ్లు గానుగ చుట్టూ తిరుగుతుంటే రసం కుండలోకి దిగుతుంది. పెనంలో పోసి, సున్నం వేసి, తేలిన మడ్డిని జల్లి గరిటెతో తీసేస్తూ కాస్తారు. పాకం చల్లని నీళ్లలో వేస్తే ఉండ కట్టిందంటే దించే వేళ అయినట్టు. దీన్నే బెల్లం వంట అంటారు. వండడం అన్న మాట అన్నానికి ఎంత సహజమో బెల్లానికీ అంతే సహజం. రసం పిండగా మిగిలిన పిప్పి ఎండబెట్టి ఆ పొయ్యిలోకే వాడతారు కాబట్టి, చెరకును ఉడికించేది కూడా చెరకే.

మిల్లు రావడానికి కారణం ఢిల్లీలో తయారైంది. జావా నుంచి చౌకగా దిగుమతయ్యే చక్కెరను అడ్డుకునేందుకు 1932లో ప్రభుత్వం రక్షణ సుంకం విధించడంతో దేశమంతటా చక్కెర మిల్లులు పుట్టగొడుగుల్లా లేచాయి. తెలుగు నేల మీద ఆ ఊపుకు ఒక విశేషం తోడైంది: అప్పటి విశాఖపట్నం జిల్లాలోని ఏటికొప్పాక, తుమ్మపాల, కృష్ణా జిల్లాలోని ఉయ్యూరు, ఈ మూడు చోట్లా రైతులు వాటాలు వేసుకుని సహకార పద్ధతిలో మిల్లులు పెట్టుకున్నారు. భారతదేశపు తొలి సహకార చక్కెర మిల్లుల జాబితాలో ఈ మూడు తెలుగు ఊళ్లూ ఉన్నాయి. ఉయ్యూరు చిన్న మిల్లును 1941లో వెలగపూడి రామకృష్ణ కొన్నారు. ఆయన ఐ.సి.ఎస్. అధికారి, ప్రభుత్వ కొలువు వదిలి పరిశ్రమలోకి వచ్చిన వ్యక్తి. అలా పుట్టిన కె.సి.పి. సంస్థ తరవాతి కాలంలో మాచర్లలో సిమెంటు, మద్రాసులో యంత్రాల తయారీ చేపట్టింది. ఆ విస్తరణకంతటికీ మొదటి మెట్టు ఉయ్యూరు మిల్లే.

అప్పటికి ఉయ్యూరు జమీందారీ గ్రామం. నూజివీడు సంస్థానం చీలికల్లో ఒకటి ఉయ్యూరు జమీ. దిగువన చల్లపల్లి సంస్థానం వేరు. 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టంతో ఆ వ్యవస్థ పోయింది. చల్లపల్లి వైపు లక్ష్మీపురంలో మరో చక్కెర మిల్లు వచ్చింది. ఆ మిల్లు పేరు ఈ రోజుకీ చెరకుతో సంబంధం లేని ఆదాయపు పన్ను లాయర్ల నోట వినిపిస్తుంది: ఉత్పత్తి మొదలు కాకముందు అప్పు మీద కట్టిన వడ్డీని యంత్రాల ఖరీదులో కలిపి లెక్కించవచ్చునని 1974లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు చల్లపల్లి షుగర్స్ కేసులోనే వచ్చింది. డెల్టా మారుమూల పల్లెలోని మిల్లు దేశంలోని ప్రతి ఫ్యాక్టరీ ఖాతా పుస్తకంలోకీ ఎక్కింది.

ఉయ్యూరు పేరుకు కూడా ఇలాంటి గుప్త జీవితం ఒకటుంది. ఆ ఊళ్లో చెరకు పరిశోధన కేంద్రం ఉంది. చెరకు రకాలకు పేరు పెట్టే పద్ధతి ప్రకారం, కోయంబత్తూరులో సంకరపరిచిన విత్తనాన్ని ఏ కేంద్రం ఎంపిక చేసి తీర్చిదిద్దుతుందో ఆ కేంద్రం మొదటి అక్షరం ఆ రకం పేరులో చేరుతుంది. అనకాపల్లికి ‘ఎ’, తిరుపతికి ‘టి’, ఉయ్యూరుకు ‘వి’. ఉయ్యూరుకు ‘వి’ ఏమిటన్న సందేహం రావచ్చు. పాత రాతల్లో ఊరి పేరు వుయ్యూరు, ఇంగ్లీషు స్పెల్లింగు దాన్ని పట్టుకునే ఉండిపోయింది. కాబట్టి 83 వి 15 అన్న రకం పేరు రైతు పలికినప్పుడల్లా, తెలిసినా తెలియకపోయినా, ఉయ్యూరు పేరే పలుకుతున్నాడు.

తోటలో పని ఎలా సాగుతుందో కొంచెం దగ్గరగా చూడాలి. చెరకును గింజతో విత్తరు. గడను మూడు కళ్లు ఉండేలా ముక్కలు కోసి, ఆ ముక్కలను చాళ్లలో పడుకోబెట్టి మట్టి కప్పుతారు. ఆ ముక్కల పేరు ముచ్చెలు. కన్ను అంటే కణుపు దగ్గర మొలకెత్తే మొగ్గ. అది పక్కకు ఉండేలా పెడితే మొక్క తిన్నగా లేస్తుంది, మట్టిలోకి తిరిగితే ఆలస్యమవుతుంది. అలా నాటినది మొక్క తోట. దాన్ని కొట్టాక మొదలు నుంచి మళ్లీ వచ్చే పిలకలతో పెంచేది కార్శి తోట. అంటే ఒకసారి నాటి రెండు మూడేళ్లు కోసుకోవడం. వానకాలానికి గడలు మనిషిని మించి పెరుగుతాయి, గాలివానకు పడిపోతాయి. పడిన గడ నేలను తాకితే కణుపుకు వేరు పట్టి తీపి పోతుంది కాబట్టి, ఎండుటాకులను తాడులా మెలిపెట్టి రెండు వరుసల గడలను ఒకదానికొకటి అల్లి నిలబెడతారు. ఆ పనికి రైతులు పెట్టిన పేరు జడచుట్టు. ఆడపిల్లకు జడ వేసినట్టే తోటకు జడ వేయడం. ఆకుల అంచులు రంపంలా కోస్తాయి, తోట లోపల గాలి ఆడదు, పై నుంచి నూగు రాలి ఒళ్లు దురదపెడుతుంది. అందమైన పేరు చాటున ఉన్న కష్టం అది.

కొట్టే కాలం నవంబరులో మొదలై వేసవి మొదలయ్యేదాకా సాగుతుంది. ఎవరి తోట ఎప్పుడు కొట్టాలో మిల్లు ఇచ్చే పర్మిట్ చెబుతుంది, రైతు ఇష్టం కాదు. కొట్టిన గడ గంటగంటకూ బరువు, తీపి కోల్పోతుంది కనక ఒక రోజులో గానుగాడించాలి. అందుకే మిల్లు కాటా ముందు లైనులో నిలిచిన ట్రాక్టరు మీద కూర్చున్న రైతుకు ఎండ కంటే గడియారం మీదే ధ్యాస. మాఘ శుద్ధ ఏకాదశికి మొదలై పదిహేను రోజులు జరిగే ఉయ్యూరు వీరమ్మ తల్లి తిరునాళ్లు సరిగ్గా ఆ రోజుల్లోనే వస్తాయి. ఊళ్లోకి వచ్చే చెరకు బళ్లూ, తిరునాళ్లకు వచ్చే జనమూ ఒకే రోడ్డు మీద పడతాయి.

చెరకు తోలిన పద్నాలుగు రోజుల్లో డబ్బు చెల్లించాలని 1966 నాటి చెరకు నియంత్రణ ఉత్తర్వు చెబుతుంది. ఆ నిబంధన అంత గట్టిగా రాయవలసి రావడమే దేశంలో చెరకు రైతు అనుభవం ఏమిటో చెప్పకనే చెబుతుంది. కొట్టే కూలీలు దొరకక, ధర ఖర్చుకు తూగక, ఏడాదంతా భూమిని ఒక్క పంటకే కట్టిపడేయడం గిట్టక డెల్టా రైతులు చాలామంది తోటలు తీసేశారు. మెరక భూమికి ఒక వెసులుబాటు ఉంది: చెరకు వద్దంటే పసుపు పెట్టవచ్చు, అరటి పెట్టవచ్చు, వరికి తిరగవచ్చు. నీరు పోయే నేలకు ఎంచుకునే స్వేచ్ఛ ఉంటుంది.

పల్లం రైతుకు ఆ స్వేచ్ఛ లేదు. వరి కూడా మునిగే చోట ఏం పండించాలన్న ప్రశ్నకు నందివాడ ప్రాంతం వింతైన జవాబు చెప్పింది. నీరు పోనప్పుడు, పోనివ్వకుండా గట్టు కట్టి దాన్నే సాగు చేయడం. 1980ల నుంచి వరి పొలాలు ఒక్కొక్కటిగా చేపల చెరువులయ్యాయి. బొచ్చె, శీలావతి పెరిగాయి, తరవాత రొయ్యలూ వచ్చాయి. ఈ మార్పు వల్ల తాగునీటికీ, పక్కనున్న వరి చేలకూ వచ్చిన చిక్కులు చిన్నవి కావు. ఒకరి చెరువు గట్టు మరొకరి మురుగు దారికి అడ్డం అవుతుంది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరుకు గండ్లు పడి విజయవాడ మునిగిన తరవాత, ఆ నీరు కొల్లేటి దారి పట్టి నందివాడ మండలం మీదికి దిగింది. నగరంలో నీరు తీసిందన్న వార్తలు వస్తున్న రోజుల్లో పల్లంలో నీరు ఎక్కుతూనే ఉంది. అదే వారంలో కృష్ణలో కూడా ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చి లంక తోటలను ముంచింది. అయితే ఏరు తగ్గడంతో లంక మీది నీరు ఏటి వెంటే వెళ్లింది. నందివాడ నీరు ఉప్పుటేరు లాగేదాకా ఆగవలసి వచ్చింది.

చెరకు నందివాడ వంటి పల్లపు ఊళ్లకు బొత్తిగా రాదనడం మాత్రం సరి కాదు. రొయ్యల చెరువుల్లో నీటిని బాగుచేసే సూక్ష్మజీవులు పెరగడానికి తీపి కావాలి. అందుకని బెల్లాన్ని తవుడుతో, ఈస్టుతో కలిపి డ్రమ్ముల్లో పులియబెట్టి, తెల్లవారుజామున పడవ మీద తిరుగుతూ చెరువంతా చల్లుతారు. గడగా నిలబడలేని ఆ పల్లంలోకి చెరకు బస్తాల్లో బెల్లమై వస్తుంది, నీటిలో కరుగుతుంది.